గాలిలో పెట్టిన పేరు

ఇయోర్దానిస్‌ను తీసుకుపోయే రైలు సాయంత్రం నాలుగు యాభైకి. ఇన్‌స్పెక్టర్ వ్రెటోస్ హత్య జరిగిన గదిలో అడుగు పెట్టేసరికి గోడ గడియారంలో ఒకటి నలభై అయింది.

"మీరు ఇన్ని మెట్లెక్కి రావలసిన పనే లేదు," అన్నాడు ఊరి పోలీసు కెప్టెన్ గురాస్. కుర్చీలోంచి లేవలేదు. "హంతకుడు లాకప్‌లో ఉన్నాడు. ఏథెన్స్ వాళ్లు మిమ్మల్ని పంపింది ఎన్నికల బందోబస్తు చూడమని కదా. అది చూసుకోండి."

"అదే చూస్తున్నాను. వచ్చే ఆదివారం ఓట్లు. ఇవాళ సోమవారం, ఒక అభ్యర్థి తల పగిలింది."

"పగలగొట్టినవాణ్ణి గంటలో పట్టుకున్నాం కదండీ."

చనిపోయినవాడు పెరిక్లీస్ జర్కాదాస్. వయసు యాభై ఎనిమిది. ఈ ఊళ్లో, మెలిసోకాంబోలో, ముప్పై ఏళ్లుగా ప్లీడరు. రెండుసార్లు పార్లమెంటుకు వెళ్లాడు. పదకొండు నెలలు మంత్రిగా ఉన్నాడు. రాజు కావాలన్నందుకు ఒకసారి అతన్ని ఒక ద్వీపానికి ప్రవాసం పంపారు. కొన్నేళ్లకు రాజు అక్కర్లేదన్నందుకు మళ్లీ అదే ద్వీపానికి పంపారు. రెండుసార్లూ తిరిగొచ్చి ఇదే బల్ల వెనక కూర్చున్నాడు. ఇవాళ మధ్యాహ్నం పన్నెండు ఇరవైకి అదే బల్ల మీద వాలిపోయి కనిపించాడు. చెవి వెనక ఒకే దెబ్బ. పక్కన కాగితాల మీద పెట్టే పాలరాతి దిమ్మ.

శవాన్ని తీసుకెళ్లారు. మిగతావేవీ కదపలేదని గుమ్మం దగ్గర నిలబడ్డ కార్పొరల్ సరాంటోస్ చెప్పాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీ కళ్లకేమైంది?"

"ఆయన నా జ్ఞానతండ్రి సార్. జ్ఞానస్నానం రోజున నన్ను ఎత్తుకుని పేరు పెట్టింది ఆయనే. ఈ ఉద్యోగంలో వేయించిందీ ఆయనే."

"ఈ జిల్లాలో సగం మందికి ఆయనే జ్ఞానతండ్రి," అన్నాడు కెప్టెన్. "మా స్టేషన్‌లోనే నలుగురున్నారు. నేనొచ్చి రెండు నెలలైంది, ఎవరిని కదిలించినా జర్కాదాస్ గారి బిడ్డనే అంటాడు. ఇంక వినండి. పదకొండూ ఐదుకి గుమాస్తాని టపా ఆఫీసుకి పంపాడు. పదకొండున్నరకి ఆ ప్రెస్సువాడు ఇయోర్దానిస్ మెట్లెక్కాడు. కింద మందుల షాపాయన కళ్లారా చూశాడు. పైన కేకలు. పదకొండూ నలభైకి మెట్లు దడదడలాడాయి. షాపాయన లోపలికి భోజనానికి వెళ్లాడు. పన్నెండు ఇరవైకి గుమాస్తా తిరిగొచ్చి చూశాడు. ఇంకేం కావాలి?"

వ్రెటోస్ తలుపు వైపు నడిచాడు. తలుపు పిడి దగ్గర వంగి చూశాడు. నల్లటి వేలిముద్రలు. కుర్చీ వీపు మీద రెండు. బల్ల అంచున నాలుగు వేళ్లు, పక్కనే బొటనవేలు. ప్రెస్సువాడు ముట్టుకున్న చోటల్లా అచ్చుసిరా అంటింది.

"చూశారా," అన్నాడు కెప్టెన్. "టర్కీ విత్తనం సంతకం చేసి మరీ వెళ్లాడు."

సముద్రం అవతలి నుంచి పారిపోయి వచ్చినవాళ్లను ఊళ్లో అలాగే అనేవారు. వ్రెటోస్ జేబురుమాలుతో పాలరాతి దిమ్మను ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. తెల్లటి రాయి. ఒక మూల రక్తం ఎండిపోయింది. నాలుగు వైపులా తిప్పి చూశాడు.

"దీనిమీద సిరా ఏదీ?"

"తుడిచేసి ఉంటాడు."

"రక్తం వదిలేసి సిరా ఒక్కటే తుడిచాడా?"

కెప్టెన్ మీసం సవరించుకున్నాడు. "గుడ్డతో పట్టుకుని ఉంటాడు."

"తలుపు దగ్గర గుడ్డ లేదు, కుర్చీ దగ్గర లేదు, కొట్టేటప్పుడు మాత్రం వచ్చింది."

"ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు రాళ్లు చూస్తున్నారు. నేను జనాన్ని చూస్తున్నాను. సాయంత్రం ఆరింటికి ఆయన ఇంటి ముందు రెండు వేల మంది చేరతారు. వాడు ఊళ్లో ఉంటే లాకప్ తలుపు నిలవదు. నాలుగు యాభై బండికి జిల్లా జైలుకి పంపేస్తాను. అక్కడి కోర్టు వారంలో తేల్చేస్తుంది."

తేల్చేయడం అంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. ఎన్నికల ముందు ఇలాంటి కేసులో ఊరు కానివాడు దొరికితే తీర్పు మర్నాడు తెల్లవారేసరికి గోడ ముందు నిలబెట్టి కాల్చేసేవారు. తరువాత అసలువాడు దొరికినా లాభం ఉండదు.

"గుమాస్తాని పిలవండి," అన్నాడు వ్రెటోస్.

కిమోన్ వచ్చాడు. యాభై దాటిన సన్నటి మనిషి. చొక్కా మురికవకుండా మోచేతుల దాకా నల్ల గుడ్డ తొడుగులు వేసుకున్నాడు. టోపీని రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకుని నిలబడ్డాడు.

"ఎండ ఎక్కాక ఈ కిటికీ రెక్కలు ఎవరు మూస్తారు?"

"నేనేనండి. రోజూ పదకొండుకి. ఇవాళా మూసే వెళ్లాను."

"రెండూ?"

"రెండూనండి."

ఎడమ రెక్క బార్లా తెరిచి ఉంది. ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది.

"గాలి ఆడక తెరిచి ఉంటాడు," అన్నాడు కెప్టెన్.

"సెప్టెంబరు మిట్టమధ్యాహ్నం దక్షిణం కిటికీ తెరిస్తే గాలి రాదు, మంట వస్తుంది. ఎవరినో పిలవడానికి తెరిచాడు." వ్రెటోస్ బల్ల చివర ఉన్న పళ్లేన్ని చూపించాడు. అందులో చిన్న సాసరు, ఒక నీళ్ల గ్లాసు. గ్లాసులో చెంచా. సాసరు అడుగున నారింజ తొక్కల పాకం జిగురు. "కిమోన్, ఈ తీపి ఎవరికి పెట్టావు?"

గుమాస్తా తొంగి చూశాడు. "నేను పెట్టలేదండి. పొద్దుట్నుంచీ ఎవరికీ పెట్టలేదు. సీసా బీరువాలోనే ఉంది నేను వెళ్లేటప్పటికి."

"మరి ఆయనే తీసి పెట్టాడా? వచ్చిన ప్రతివాడికీ పెడతాడా?"

"అయ్యో, లేదండి. వచ్చేవాళ్లకి నేనే తెస్తాను. జ్ఞానపుత్రులొస్తే మాత్రం తనే లేచి తన చేత్తో పెట్టేవారు. మంత్రిగా ఉన్నప్పుడూ అంతే. వాళ్లు చెంచా గ్లాసులో వేసి చేతికి ముద్దు పెట్టేదాకా పనిలోకి వెళ్లేవారు కాదు."

"ప్రెస్సువాడు వచ్చి కేకలేస్తే కూర్చోబెట్టి తీపి పెట్టాడంటావా?"

గుమాస్తా తల అడ్డంగా ఊపాడు. గుమ్మం దగ్గర సరాంటోస్ ఒక కాలి మీది బరువు రెండో కాలి మీదికి మార్చుకున్నాడు.

"ఎంతమంది ఈ జ్ఞానపుత్రులు?"

"మూడు వందల పన్నెండు. అందరూ మగపిల్లలే. పుస్తకం ఉంది."

"ఆడపిల్ల ఒక్కతీ లేదా?"

"ఒకే చేత్తో పేరు పెట్టించుకున్నవాళ్లు అన్నాచెల్లెళ్లే కదండీ. వాళ్లకీ వీళ్లకీ పెళ్లి చెల్లదు. ఒక ఊళ్లో మగపిల్లలకీ ఆడపిల్లలకీ కూడా ఈయనే పెట్టుకుంటూ పోతే ఇరవై ఏళ్లకి ఆ ఊళ్లో సంబంధాలు దొరకవు. జనం ఎవరిని తిడతారు? ఈయన్నే. అందుకని మగపిల్లలకే." కిమోన్ కొంచెం నవ్వాడు. "నాకొక్కతే కూతురండి. అడిగాను. ఇక్కడే, ఈ బల్ల ముందే. 'కిమోన్, నియమం నియమమే' అన్నారు. చివరికి మా రొట్టెల కొట్టాయన పెట్టాడు పేరు."

వ్రెటోస్ రేవు పట్టణంలో పుట్టినవాడు. పెళ్లి చెల్లదన్న సంగతి తెలుసు. దాని వెనక ఓట్లున్నాయన్నది అప్పుడే విన్నాడు. కిమోన్ బీరువా తెరిచి నల్ల అట్ట పుస్తకం తెచ్చి ఇచ్చాడు.

"చివరిదాకా చదవండి సార్. ఆయన ఏదీ రాయకుండా వదిలేవారు కాదు."

"కెప్టెన్, ప్రెస్సువాడు వెళ్లాక ఈయన బతికే ఉన్నాడు. కిటికీ తెరిచాడు. తనవాణ్ణి ఎవరినో పిలిచాడు. ఆ మనిషి మెట్లెక్కి వచ్చి తీపి తిన్నాడు. రైలు ఆపండి."

కెప్టెన్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "చెంచా ఒకటి, కిటికీ ఒకటి. వీటితో రైలు ఆగదు. మూడు వందల పన్నెండు మందిని వరసగా నిలబెట్టి ఎవరు తీపి తిన్నారో అడుగుతూ కూర్చోండి. బండి మాత్రం నాలుగు యాభైకి."

* * *

లాకప్‌కి వెళ్లేసరికి రెండు యాభై. సరాంటోస్ తాళం తీసి, తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపల ఒక బల్ల తప్ప ఏమీ లేదు. ఇయోర్దానిస్ జరిగి చోటు ఇచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. పెదవి చిట్లింది.

"కూర్చోండి సార్. జర్కాదాస్ గారు నన్ను ఆ మాట కూడా అనలేదు."

"ఎందుకు వెళ్లావు ఆయన దగ్గరికి?"

"కేకలేయడానికి."

"ఏమని?"

"అది నాదీ ఆయనదీ. ఆయన పోయాడు. ఇప్పుడు నాది."

"నిన్ను గోడ ముందు నిలబెడతారు."

"పదేళ్ల కిందట స్మిర్నా రేవులో టర్కీ సిపాయిలు నిలబెట్టారు. అప్పుడు సముద్రంలోకి దూకాను. మీ ఊళ్లో సముద్రం లేదు, అదొక్కటే చిక్కు." నవ్వబోయాడు. పెదవి నొప్పి పెట్టి ఆగిపోయాడు.

"నీ ప్రెస్సు సోదా చేసినవాళ్లు చెప్పారు. బల్ల నిండా సీసపు అక్షరాలు చిందరవందరగా పడి ఉన్నాయట. నీ పని తెలిసినవాడెవడూ అలా వదలడు. ఏదో పేర్చావు, మళ్లీ నువ్వే చెదరగొట్టావు. ఏం పేర్చావు?"

ఇయోర్దానిస్ అరచేతులు చూసుకున్నాడు. సిరా గీతల్లోకి ఇంకిపోయి ఉంది.

"నిన్న తలుపు కింద నుంచి ఎవరో కాగితం తోశారు. ఐదు వందల కరపత్రాలు కావాలి, మంగళవారానికల్లా అని. ఎన్నికల రోజులు, రోజూ వచ్చేవే. పేర్చడం మొదలుపెట్టాను. మా పనిలో అక్షరాలు తిరగేసి పేరుస్తాం సార్. చెయ్యి ముందు వెళ్తుంది, మాట వెనకాల అర్థమవుతుంది. మూడు వరసలు అయ్యాక ఏం పేరుస్తున్నానో తెలిసింది."

"జర్కాదాస్ మీదేనా?"

"పేరు ఆయనదే. దెబ్బ మాత్రం ఆయనకి కాదు. అందులో ఒక ఆడపిల్ల ఉంది. ఆమె కాపురం ఉంది." గొంతు తగ్గించాడు. "వెళ్లి ఆయన్ని అడిగాను. ఇది నిజమేనా అని. జవాబు రాలేదు. నేను అచ్చు వేయను, కానీ ఇంకోడు వేస్తాడు, ఆ ఇంట్లోవాళ్లు వీధిలో నిలబడి చదువుకోకముందే నువ్వే పిలిచి చెప్పు అన్నాను. నీ పని నువ్వు చూసుకో అన్నాడు. అప్పుడు అరిచాను. బాగా అరిచాను."

"ఆ పిల్ల పేరు?"

"చెప్పను."

"కాగితం?"

"కాల్చేశాను."

"నీకు ఆమె ఎవరు? ఎప్పుడైనా చూశావా?"

"లేదు. నాకూ ఒక చెల్లెలుండేది సార్, ఆ రేవులోనే తప్పిపోయింది. దాని పేరు వీధిలో పదిమంది నోళ్లలో పడుతుందంటే నేనేం చేస్తానో ఇప్పుడూ అదే చేస్తున్నాను. అంతకంటే ఏమీ లేదు."

తలుపు దగ్గర తాళాల గుత్తి కింద పడింది. సరాంటోస్ వంగి తీసుకున్నాడు. తీసుకోవడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

"చెమటకి జారిపోయింది సార్," అన్నాడు.

వ్రెటోస్ మూడున్నర దాకా అడిగాడు. బెదిరించాడు, బతిమాలాడు. ఇయోర్దానిస్ మిగతావన్నీ మాట్లాడాడు. సిరా ధర దగ్గర్నుంచి కెప్టెన్ మీసం దాకా మాట్లాడాడు. ఆ పేరు మాత్రం చెప్పలేదు.

* * *

వ్రెటోస్ మళ్లీ ఆ గదికే వచ్చి, చనిపోయినవాడి కుర్చీలో కూర్చుని నల్ల అట్ట పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ నుంచి చదివాడు. ఊరికో పేజీ. పిల్లవాడి పేరు, పుట్టిన ఏడు, తండ్రి పేరు. పాత రాత జర్కాదాస్‌ది, పెద్ద పెద్ద అక్షరాలు. నాలుగేళ్ల నుంచి అతని చూపు తగ్గింది. అక్కడి నుంచి రాత గుమాస్తాది. సన్నగా, ప్రతి అక్షరం తోకా కింది వరసలోకి దిగుతూ ఉంది. ఎవరిని ఏ ఉద్యోగంలో వేయించారో, ఎవరి పెళ్లికి వెళ్లారో, ఎవరి కోసం ఏ మంత్రికి ఉత్తరం రాశారో. ముప్పై ఏళ్ల రాజకీయం అంతా అందులో ఉంది. ఉపన్యాసం ఒక్కటీ లేదు.

చదువుతున్నంతసేపూ గడియారం వైపు చూడకూడదనుకున్నాడు. ప్రతి పేజీకీ చూశాడు. నాలుగు. నాలుగూ పది. నాలుగూ ఇరవై.

చివరి ఊరు అయిపోయింది. తరువాత ఖాళీ పేజీలు. పుస్తకం మూయబోతూ గుమాస్తా మాట గుర్తొచ్చి అట్ట దాకా తిప్పాడు. అట్టకు ముందు పేజీలో పెద్ద అక్షరాలు.

'1911 ఫిబ్రవరి. అరాహోవిట్సా. మంచు కురుస్తోంది. నేను ఓట్ల పని మీద వెళ్లి చిక్కుకుపోయాను. పక్క గదిలో ఆడపిల్ల పుట్టింది, తెల్లారేదాకా బతకదన్నారు. ఫాదరు రాలేడు. పేరు లేకుండా పోకూడదని తల్లి ఏడ్చింది. నేనే మూడుసార్లు గాలిలోకి ఎత్తి పేరు పెట్టాను. అదీ జ్ఞానస్నానమే. గరుఫలియా. బతికింది. తరువాత చర్చిలో వేరే మనిషిని నిలబెట్టి పేరు రాయించారు. నా సంగతి ఎవరికీ చెప్పవద్దని తల్లితోనూ మంత్రసానితోనూ ఒట్టు వేయించుకున్నాను. ఆ ఊళ్లో నాకు పదకొండు మంది మగపిల్లలు.'

దాని కింద, వణికిన రాతలో ఇంకొక్క వరస ఉంది.

'1931 మే. తల్లీ మంత్రసానీ అప్పటికే పోయారు. పెళ్లికి పిలిచారు. వెళ్లాను. నోరు తెరవలేకపోయాను.'

వ్రెటోస్ అరాహోవిట్సా పేజీకి తిరిగి వచ్చాడు. పదకొండు పేర్లు. ఏడో పేరు పక్కన గుమాస్తా రాత.

'పోలీసులో వేయించాము, 1928. పెళ్లి 1931 మే, అదే ఊరి గరుఫలియాతో.'

ఏడో పేరు సరాంటోస్.

లేచి, తెరిచి ఉన్న రెక్క లోంచి తల బయట పెట్టాడు. కింద కనబడేది ఒక్కటే, వీధి మూల మీద పోలీసు కాపలా. ఎవరో ముసలి కానిస్టేబులు నిలబడి ఉన్నాడు.

"ఏయ్! ఇక్కడ పదకొండు నుంచి పన్నెండు దాకా కాపలా ఎవరిది?"

"కార్పొరల్ సరాంటోస్‌ది సార్!"

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఖైదీతో రైలు స్టేషన్‌కి వెళ్లాడు సార్! తనే వెళ్తానని అడిగాడు!"

నాలుగూ ముప్పై ఎనిమిది. ఒక్కో అంగలో రెండేసి మెట్లు దిగుతూ వ్రెటోస్ అనుకున్నది ఒక్కటే. ఇయోర్దానిస్‌కి ఆ పేరు తెలుసన్న సంగతి సరాంటోస్‌కి ఎవరూ చెప్పలేదు. తనే, ఆ లాకప్‌లో కూర్చుని, అతని ఎదుటే ఇయోర్దానిస్ చేత ఆ సంగతి చెప్పించాడు.

* * *

కెప్టెన్ గురాస్ ప్లాట్‌ఫారం మీద సిగరెట్ కాలుస్తున్నాడు. ఇంజను అప్పటికే ఆవిరి వదులుతోంది.

"వీడ్కోలు చెప్పడానికా?" అన్నాడు.

"కాపలా మార్చండి. ఇంకెవరినైనా పంపండి. ఇద్దరిని పంపండి."

"ఎవరున్నారు? అందర్నీ జర్కాదాస్ ఇంటి దగ్గర పెట్టాను. అయినా ఆ కుర్రాడు కన్నీళ్లు పెట్టుకుని అడిగాడు, నా జ్ఞానతండ్రిని చంపినవాణ్ణి నేనే తీసుకెళ్తానని. కాదంటానా?"

"ఖైదీ ప్రాణాలతో చేరడు."

"పారిపోబోతే చేరడు. లేకపోతే చేరతాడు." కెప్టెన్ సిగరెట్ పారేశాడు. "కారణం చెప్పండి. చెప్తే ఆపుతాను. ఒక్క ముక్కలో చెప్పండి."

ఒక్క ముక్కలోనే చెప్పవచ్చు. ప్లాట్‌ఫారం మీద పాతిక మంది చెవులు రిక్కించి నిలబడ్డారు. గార్డు ఈల వేశాడు. వ్రెటోస్ కెప్టెన్‌ని తోసుకుంటూ వెళ్లి కదులుతున్న మూడో పెట్టె మెట్టు అందుకున్నాడు. వెనకాల కెప్టెన్ ఏదో తిట్టాడు. బండి చప్పుడులో వినబడలేదు.

ఆ పెట్టె చివరి గదిలో ఇయోర్దానిస్ కిటికీ పక్కన ఉన్నాడు, చేతులకు బేడీలు. సరాంటోస్ తలుపు పక్కన కూర్చున్నాడు. తుపాకి మోకాళ్ల మధ్య నిలబెట్టి ఉంది. వ్రెటోస్ వెళ్లి ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. అతని పిస్తోలు హోటల్ గదిలో పెట్టెలో ఉండిపోయింది.

"మీరూ వస్తున్నారా సార్?"

"వస్తున్నాను."

"రానక్కర్లేదు. నలభై నిమిషాలు కొండ ఎక్కడమే. మధ్యలో స్టేషన్ కూడా లేదు."

"అందుకే వచ్చాను."

ఊరి చివరి ఇళ్లు దాటిపోయాయి. బండి వంపు తిరిగి ఎక్కుడులో పడింది. నడక మెల్లగా తగ్గింది.

"పుస్తకం చదివారు," అన్నాడు సరాంటోస్. అడగడం లాగా లేదు.

"చదివాను."

"ఆమెకి ఏడో నెల సార్." తుపాకి గొట్టం మీద వేళ్లు కదిలాయి. "పైనుంచి పిలిచారు. వెళ్లాను. తీపి పెట్టారు. తిన్నాక చెప్పారు. నాకు ముందు అర్థం కాలేదు. తప్పు తనదే అంటారేమో, బాధపడతారేమో అనుకున్నాను. 'అవతలివాళ్లు అచ్చు వేసేలోగా నేనే బిషప్ గారికి రాసేస్తాను, ఆ పెళ్లి చెల్లదని. నాకు తెలియకుండా జరిగిందంటాను. అప్పుడు మాట నా మీదికి రాదు' అన్నారు. మరి మేమేం కావాలి అన్నాను. భుజం తట్టారు. 'ఎన్నికలయ్యాక నీకు వేరే పిల్లని చూస్తాను' అన్నారు. వేరే పిల్లని. తరువాత నేను చించేసిన ఆ కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టారు. నేను వెనకాల నిలబడి ఉన్నాను."

ఇయోర్దానిస్ కళ్లు మూసుకున్నాడు. "నువ్వా ఆ అబ్బాయివి," అన్నాడు మెల్లగా.

"ఇతని మీద పడుతుందని నేననుకోలేదు సార్. పడ్డాక పోనీలే అనుకున్నాను. ఊరు కానివాడు కదా అని. మళ్లీ లాకప్‌లో ఇతను ఆ మాట అన్నాడు." సరాంటోస్ తుపాకిని అడ్డంగా ఒళ్లో పెట్టుకున్నాడు. ముఖంలో కోపం లేదు. నిద్ర లేనివాడి ముఖంలా ఉంది. "నేనేమైనా ఫరవాలేదు. ఆమెకి తెలియకూడదు. పుట్టేవాణ్ణి ఎవరూ ఆ మాట అనకూడదు. ఈ సంగతి తెలిసినవాళ్లం ముగ్గురమే. ముగ్గురం ఈ గదిలోనే ఉన్నాం."

వ్రెటోస్ కదలలేదు. కదిలితే ఏమవుతుందో అతనికి తెలుసు.

"నీ లెక్క తప్పింది తమ్ముడూ," అన్నాడు ఇయోర్దానిస్. "మమ్మల్నిద్దరినీ కాల్చు. రేపు పొద్దున్న కరపత్రం ఇంకో ఊళ్లో అచ్చవుతుంది. నా తలుపు కింద కాగితం తోసినవాడు ఉన్నాడు కదా. ఆ కాగితం నా దగ్గరే ఉంది."

"కాల్చేశానన్నావు!" అన్నాడు వ్రెటోస్.

"పోలీసులతో అన్నీ నిజమే చెప్తానా సార్?" బేడీల చేతులతోనే వంగి ఎడమ చెప్పు ఊడదీసి, అడుగు అట్ట కింద నుంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "ఎవరి రాతో నాకు తెలియదు. ఈ ఊరి రాతలు నాకేం తెలుసు?"

కాగితం వ్రెటోస్ చేతికి అందింది. సన్నటి రాత. ప్రతి అక్షరం తోకా కింది వరసలోకి దిగుతూ ఉంది. గంట కిందటే ఆ రాతను వంద పేజీల్లో చదివాడు. తన కూతురికి లేదన్నదాన్ని ఎవరో పల్లెటూరి పిల్లకు ఇచ్చారని, ఇచ్చి చివరి పేజీలో దాచుకున్నారని తెలిసిన రోజున ఆ మనిషి ఏం చేశాడో తెలిసింది. వెంటనే కాగితం మడవబోయాడు. ఆలస్యమైంది.

"అది కిమోన్ గారి రాత," అన్నాడు సరాంటోస్.

అతనికి పుస్తకం అక్కర్లేదు. అతనికి ఉద్యోగం వచ్చిందన్న ఉత్తరం, పెళ్లికి దీవెనల ఉత్తరం, ప్రతి పండక్కీ ఇంటికొచ్చే ఉత్తరం ఆ చేత్తో రాసినవే.

"సరాంటోస్, విను. అతన్ని నేను చూసుకుంటాను. కాగితం నా దగ్గరుంది, అతను నోరెత్తడు..."

సరాంటోస్ లేచాడు. జేబులోంచి బేడీల తాళంచెవి తీసి ఇయోర్దానిస్ ఒళ్లోకి విసిరాడు.

"నన్ను క్షమించన్నా," అన్నాడు.

తలుపు తీశాడు. బండి మనిషి నడిచినంత నెమ్మదిగా ఎక్కుతోంది. తుపాకి పట్టుకుని మెట్టు దిగినట్టే దిగాడు. తూలాడు, నిలదొక్కుకున్నాడు. పట్టాల వెంట ఊరి వైపు వెళ్లసాగాడు. పరుగెత్తడం లేదు. ఆరింటికి జర్కాదాస్ ఇంటి ముందు రెండు వేల మంది ఉంటారు. శవపేటిక పక్కన, అందరికంటే ముందు, నల్ల తొడుగులు విప్పుకుని కిమోన్ నిలబడి ఉంటాడు.

వ్రెటోస్ తలుపు చట్రం పట్టుకుని కిందికి చూశాడు. కంకర రాళ్లు మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. ఇంకొంచెం దూరం పోతే ఎక్కుడు అయిపోతుంది, బండి వేగం అందుకుంటుంది. వెనక్కి తిరిగి ఇయోర్దానిస్‌ను చూశాడు. ఖైదీ, అతని ఒళ్లో తాళంచెవి, తెరిచిన తలుపు.

ఇయోర్దానిస్ తాళంచెవి తీసి వ్రెటోస్ కోటు జేబులో వేశాడు. బేడీలు అలాగే ఉన్నాయి.

"దూకండి సార్," అన్నాడు. "నేనెక్కడికీ పోను."

వ్రెటోస్ దూకాడు.